స్పేర్ సీసా

రాళ్ళు కొట్టేవాడికి చేతులే ఆస్తి. అందుకని ఇన్‌స్పెక్టర్ చేతులతోనే మొదలుపెట్టాడు.

లాకప్‌లో గోడకి ఆనుకుని కూర్చున్న క్వారీ పనివాడిని చూడగానే డిటెక్టివ్ కళ్ళు ముందు అతని చేతి మీదికే పోయాయి. కుడిచేతి వేళ్ళు మూడు నల్లగా ఉబ్బిపోయాయి. ఒక గోరు అసలు లేనే లేదు. ఆ చేతిని ఎడమచేత్తో ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లని పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకున్నాడు. చేతులతో ఆగినట్టు కూడా లేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా సగంలో ఆగి, ముఖం చిట్లించి, మళ్ళీ పీలుస్తున్నాడు.

"డాక్టర్‌కి చూపించారా ఇతన్ని?"

"నేనే డాక్టర్ని కదా వదినా," అని వెనకనుంచి ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "ఫీజు కూడా అడగలేదు."

ఇన్‌స్పెక్టర్ ఆవిడకి సొంత మరిది. ఆవిడ కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి నిక్కరేసుకుని స్కూలుకి పోయేవాడు. లెక్కలు చెప్పింది, జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది, అబద్ధమాడితే చెవి మెలిపెట్టింది. భర్త పోయాక ఆవిడ డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెడితే ముందుగా నవ్వింది వీడే, ‘జిడ్డు’ అని పేరు పెట్టిందీ వీడే. పట్టుకుంటే వదలదని. ఇప్పుడు డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఆవిడ జిడ్డు మేడం. ఆవిడకీ అలవాటైపోయింది. మరిది పెట్టిన పేరు కదా అని కొంచెం ముద్దు కూడా, ఖర్మ!

కేసు పైకి చూస్తే కష్టమైనదేం కాదు. ఐదు రోజుల కిందట క్వారీ గుంటలో ఒక ఆడమనిషి శవం తేలింది. ఆవిడ శాస్త్రవేత్త. రాళ్ళు ఎలా అరుగుతాయో, నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో చదివే మనిషి. నెలకోసారి వచ్చి గుంటలో నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయేది కాబట్టి క్వారీలో అందరూ సీసాలమ్మ అనేవాళ్ళు. ఆవిడ రిపోర్టు బయటికొస్తే క్వారీ మూసేస్తారని పుకారు పుట్టింది. గుంట పక్కనే రేకుల షెడ్డులో పెళ్ళాంతో ఉండే ఈ పనివాడు ఆవిడ మీద అందరి ముందూ గొంతు చించుకుని అరిచాడు. వారం తిరక్కుండా ఆవిడ శవమైంది. ఆవిడ బ్యాగు ఇతని షెడ్డులో దొరికింది.

"ఇంకేం కావాలి వదినా నీకు?" ఇన్‌స్పెక్టర్ కుర్చీ తిప్పి కూర్చున్నాడు. "గొడవ ఉంది, గుంట ఉంది, బ్యాగు ఉంది. ఊపిరితిత్తుల్లో దొరికిన నీళ్ళూ, గుంటలో నీళ్ళూ ఒకటేనని సైన్సు తేల్చింది. సైన్సుని కూడా నేను కొట్టి ఒప్పించానంటావా?"

"సైన్సు ఒప్పుకున్నాక ఇతన్ని ఎందుకు కొడుతున్నావురా మరి?"

"సైన్సు సంతకం పెట్టదు కదా!"

కానిస్టేబుల్ ఒకడు కిసుక్కున నవ్వాడు. డిటెక్టివ్ వాడివైపు చూసిన చూపుకి ఆ నవ్వు మళ్ళీ గొంతులోకి పోయింది. ఆవిడ కటకటాల దగ్గర నేలమీద చతికిలబడి కూర్చుంది.

"చెప్పు నాయనా. ఆవిడని తోశావా?"

"నేనెందుకు తోస్తానమ్మా?" పనివాడి మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "అరిచాను, నిజమే. పని పోతుందంటే అరవనా? కానీ ప్రతి నెలా ఆవిడ నడుముకి తాడు కట్టి పట్టుకునేది నేనే. అంచు మీద వంగి నీళ్ళు పట్టేది. చంపాలంటే తొయ్యక్కర్లేదమ్మా, తాడు వదిలేస్తే చాలు."

"శవం దొరికాక ఏం జరిగింది?"

"మర్నాడు నన్ను బేడీలేసి గుంట దగ్గరికి తీసుకెళ్ళారు. సీసాలమ్మ మొగుడు, ఆ ప్రొఫెసర్ సారు కూడా వచ్చాడు. వీళ్ళు అడిగితే నీళ్ళు పట్టి ఇచ్చాడు. రెండు సీసాలు పట్టాడు."

"రెండా?"

"ఒకటి వీళ్ళకిచ్చాడు. ఒకటి జేబులో పెట్టుకున్నాడు."

"స్పేర్ వదినా, స్పేర్," ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు. "సీసా పగిలితే ఇంకోటి ఉండాలి కదా. పాపం, పెళ్ళాం పోయిన దుఃఖంలో కూడా ఎంత జాగ్రత్త మనిషో చూడు. దీన్ని కూడా పట్టుకు వేలాడతావా? సాయంత్రానికి వీడు సంతకం పెడతాడు, రేపు కోర్టు. తాడో పేడో తేలిపోతుంది."

డిటెక్టివ్ లేచి చీర దులుపుకుంది. "సాయంత్రం నాలుగింటికి నువ్వే గుంట దగ్గరికి రా. నా అనుమానం నిజమైతే నీ కళ్ళతో ఒకటి చూపిస్తాను. నీకంటే మంచి సాక్షి నాకు దొరకడు. అప్పటిదాకా ఇతని మీద చెయ్యి వెయ్యనని ఒట్టెయ్యి."

"నీ మీద ఒట్టు వదినా," అని ఇన్‌స్పెక్టర్ ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టాడు.

ఆవిడకి నవ్వొచ్చింది. చిన్నప్పుడు వీడి అబద్ధాలు మాన్పించడానికి ఆవిడే భయపెట్టేది, ఒట్టు తప్పితే ఎవరిమీద వేశావో వాళ్ళు చచ్చిపోతారు అని. దొంగిలించిన గోలీలు తెచ్చి ఒళ్ళో పోసి, ‘నువ్వు చావద్దు వదినా’ అని ముక్కు చీదుకుంటూ ఏడ్చేవాడు. ఆ ఏడుపు గుర్తుండబట్టే ఆవిడ వాణ్ణి నమ్మింది.

"గుంట అంచున నిలబడకు," బయటికి వస్తుంటే ఇన్‌స్పెక్టర్ హెచ్చరించాడు. "నూరడుగుల లోతు. అన్నయ్యా నేనూ కాలవలో నీకు ఈత నేర్పబోతే నా జుట్టు పట్టుకుని నన్నూ ముంచబోయావు, గుర్తుందా?"

"అప్పుడు పట్టుకోడానికి జుట్టుండేది నీకు," అనేసి ఆవిడ మెట్లు దిగింది.

*

ల్యాబ్‌లో మిషన్ గది తలుపు దగ్గరే చెప్పులు విప్పించారు, తలకి టోపీ పెట్టించారు, పాలిథిన్ గౌను తొడిగించారు. లోపలున్న మనిషిని అక్కడ అంతా మిషన్ మేడం అంటారు. నీళ్ళలోని స్ట్రాన్షియం కొలిచే ఆ పెద్ద యంత్రానికి అధిపతి ఆవిడే. కెమిస్ట్రీలో డాక్టరేట్. ముక్కు మీద ఈగ వాలనివ్వదు.

"మీరు డిటెక్టివా?" పైనుంచి కిందికి చూసింది మిషన్ మేడం. "టీవీలో వాళ్ళు సన్నగా ఉంటారే?"

"వాళ్ళు భోంచెయ్యరమ్మా. మీ రిపోర్టు నాకు ఒక్కసారి తెలుగులో చెప్పండి."

మిషన్ మేడం నిట్టూర్చింది. "రాళ్ళలో స్ట్రాన్షియం అనే లోహం ఉంటుంది. వానకీ ఎండకీ రాయి అరిగితే అది నీళ్ళలోకి దిగుతుంది. అందులో తేలిక రకం ఒకటి, బరువు రకం ఒకటి ఉంటాయి. పాత గ్రానైట్‌లో బరువుది ఎక్కువ, సున్నపురాయిలో తక్కువ. రెండింటి నిష్పత్తి కొలిస్తే ఆ నీళ్ళు ఏ రాయి మీదుగా వచ్చాయో చెప్పొచ్చు."

"అంటే నీళ్ళ ఇంటిపేరు."

"ఛ! సరే, అలాగే అనుకోండి. మన కుళాయి నీళ్ళు సున్నపురాయి కొండల్లోంచి వస్తాయి, పాయింట్ ఏడు సున్నా తొమ్మిది. ఆ క్వారీ గుంట గ్రానైట్. పోలీసులిచ్చిన గుంట సీసాలో పాయింట్ ఏడు మూడు ఒకటి వచ్చింది. శవం ఊపిరితిత్తుల్లోంచి తీసిన నీళ్ళలోనూ పాయింట్ ఏడు మూడు ఒకటే. దశాంశం తర్వాత ఐదో అంకె దాకా తేడా లేదు." గర్వం దాచుకోలేకపోయింది. "అంత దగ్గరగా కొలిచే మిషన్లు ఎన్నో లేవు."

డిటెక్టివ్ మెల్లిగా అడిగింది. "నేను ఇంట్లో పాలల్లో నీళ్ళు కలిపితే పాలు పలచబడతాయి కదా?"

"అయితే?"

"చనిపోయినావిడ జీవితమంతా కుళాయి నీళ్ళు తాగింది. ఆవిడ రక్తంలో ఉండేది కుళాయి ఇంటిపేరే. గుంట నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి రక్తంతో, ఉమ్ముతో కలిశాక ఆ సంఖ్య పిసరంతైనా కిందికి దిగాలి కదమ్మా? ఐదో అంకె దాకా ఎలా కలిసింది?"

మిషన్ మేడం రిపోర్టు లాక్కుని ఆ రెండు అంకెలూ మళ్ళీ చూసింది.

"ఇంకోటి. ఆ గుంట నీళ్ళు ఇంతకు ముందు ఎప్పుడూ కొలవలేదా?"

"ఎందుకు కొలవలేదు, ఆవిడే మూడేళ్ళుగా తెచ్చేది. ఎప్పుడు కొలిచినా పాయింట్ ఏడు ఒకటి ఎనిమిది."

"మరి ఆవిడ చచ్చిపోగానే గుంటకి కూడా బెంగ పట్టుకుని మారిపోయిందా?"

"కొత్తగా పేలుళ్ళు చేశారు. తాజా రాతిపొడి నీళ్ళలో పడింది, అందుకే పెరిగిందని ఆవిడ భర్త, మా ల్యాబ్ పెద్ద, ప్రొఫెసర్ సారే చెప్పారు. కానీ..." మిషన్ మేడం కనుబొమలు ముడిపడ్డాయి. ఆమె ఇప్పుడు డిటెక్టివ్‌తో కాదు, తనతో తను మాట్లాడుకుంటోంది. "పొడి ఉంటే మాత్రం ఏం? పొడిని ముందే వడకట్టేస్తాం. వడకట్టాకే నాలుగు చుక్కలు యాసిడ్ వేస్తాం, స్ట్రాన్షియం సీసా గోడకి అంటుకోకుండా. పొడి ఉండగానే యాసిడ్ వేస్తే..."

"వేస్తే?"

"పొడి కరుగుతుంది. వానలు వెయ్యేళ్ళు చేసే పని యాసిడ్ ఒక్క పూటలో చేసేస్తుంది. గ్రానైట్‌లో నల్ల అభ్రకం ఉంటుంది, బరువు రకమంతా దాని కడుపులో దాక్కునుంటుంది. అదంతా కక్కేస్తుంది. సంఖ్య పైకి ఎగురుతుంది." గొంతు తగ్గిపోయింది. "పాయింట్ ఏడు మూడు దాకా కూడా ఎగురుతుంది."

గుంట సీసాలో ఆ పొరపాటు జరిగితే సరే, ఎవరో తొందరలో యాసిడ్ ముందు వేశారనుకోవచ్చు. శవంలోంచి తీసిన నీళ్ళలో రాతిపొడీ, యాసిడూ, అదే పొరపాటూ ఎలా వస్తాయి? రాలేవు. ఆ రెండో సీసా శవాన్ని ఎన్నడూ చూడలేదు. రెండూ ఒకే పొద్దున, ఒకే గుంటలో, ఒకే చేత్తో నింపిన సీసాలు. స్పేర్!

"ఆస్పత్రి నుంచి వచ్చిన ఊపిరితిత్తుల నీళ్ళ సీసా మీ చేతికి ఎవరిచ్చారు?"

"సార్. పోలీసులు సాయంత్రం తెస్తే ఆయన ఫ్రిజ్‌లో పెట్టించారు. మర్నాడు గుంట నుంచి వచ్చాక రెండూ వడకట్టి ఇచ్చారు."

"అంత పెద్ద ప్రొఫెసర్‌కి వరస తెలీదా?"

మిషన్ మేడం లేచి తలుపు మూసింది. "అంతకుముందు ఆయన తన చేత్తో నీళ్ళు పట్టి ఇరవై ఏళ్ళయింది. ఆవిడే తిరిగేది. నీళ్ళు పట్టిన చోటే సిరంజికి ఫిల్టర్ పెట్టి నొక్కి, వడకట్టిన సీసా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టేది. ఆయన యాసిడ్ వేసి మూత పెట్టి నాకు పంపేవారు. సీసా చూడగానే ఆయన చెయ్యి యాసిడ్ మీదికే పోతుంది." నోరు జారినందుకు పెదవి కొరుక్కుంది. "ఇది నేను కోర్టులో చెప్పను. ఇప్పుడే చెప్పేస్తున్నా."

"ఏం?"

"రిపోర్టు మీద సంతకం నాది. తప్పని నేనే చెబితే నా మిషన్‌ని రేపు ఎవరు నమ్ముతారు?"

"లోపల ఒక మనిషి వేళ్ళు విరుగుతున్నాయమ్మా."

"వేళ్ళు అతుక్కుంటాయి. పేరు అతుక్కోదు," అంది మిషన్ మేడం. అని, డిటెక్టివ్ అడిగిన ఖాళీ సీసా, సిరంజి, ఫిల్టరు, యాసిడ్ చుక్కల డబ్బా ఒక సంచిలో వేసి, ముఖం చూడకుండా అందించింది.

*

క్వారీ షెడ్డు దగ్గర పనివాడి పెళ్ళాం ఒక చొక్కా ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. డిటెక్టివ్‌ని చూడగానే ఎదురొచ్చింది.

"అక్కా, సాయంత్రానికి వదిలేస్తారా? వేసుకున్న చొక్కా చినిగిపోయుంటుంది, ఇది పట్టుకెళ్ళనా?"

"పట్టుకెళ్ళు. ఇన్‌స్పెక్టర్ ఇంక కొట్టడు, నా మీద ఒట్టేశాడు. ముందు ఒక్కటి చెప్పు. ఆ బ్యాగు ఎప్పుడు చూశావు?"

"తెల్లారి లేచి చూస్తే గుమ్మం లోపల ఉందక్కా. రాత్రి ఎవరు పడేశారో తెలీదు. అందులో సీసాలున్నాయి, ఎప్పుడూ చూడని చుక్కల డబ్బా ఒకటి ఉంది. సిరంజి మాత్రం లేదు."

"బాగా చూశావా?"

"సిరంజి లేకుండా ఆవిడ ఎప్పుడూ రాదక్కా. నొక్కీ నొక్కీ చెయ్యి లాగితే మా ఆయన చేతికిచ్చేది. ఇద్దరూ ఇక్కడే కూర్చుని నొక్కేవాళ్ళు, సీసాకి గంట పట్టేది. మా ఆయన తిట్టుకుంటూనే నొక్కేవాడు."

డిటెక్టివ్ తల పంకించింది. సీసాలమ్మ బ్యాగు సీసాలమ్మ సర్దుకోలేదు. సిరంజి అనేది ఒకటుంటుందని తెలియనివాడు సర్దాడు. "నువ్వు స్టేషన్‌కి పద. నేను వెనకాలే వస్తాను," అంది. ఆ ఇల్లాలు చొక్కా గుండెకి అదుముకుని పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

గుంట అంచుకి డిటెక్టివ్ ఆమడ దూరంలో ఆగింది. నిలువునా కోసిన రాతిగోడల మధ్య పాలలాంటి నీళ్ళు, కదలకుండా. అంచున ఒక ఇనప మేకు, తాడు రాపిడికి రాతిలో పడ్డ నున్నటి గాడి. మూడేళ్ళ నుంచి ఒకే తాడు, ఒకే చోట. కాలికింద తెల్లటి రాతిపొడి మడమ దాకా ఉంది. నీళ్ళంటే ఆవిడకి ఒళ్ళు జలదరింపు. కానీ ఇవాళ ఆ నీళ్ళే కావాలి.

ప్రొఫెసర్ చెప్పిన టైముకి ముందే వచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, మెత్తటి గొంతు. కోర్టులో సాక్ష్యం గట్టిగా నిలబడాలి, నీళ్ళు ఎలా పట్టారో ఒక్కసారి చేసి చూపించాలి అని డిటెక్టివ్ ఫోన్‌లో అడిగితే, పాపం వెంటనే ఒప్పుకున్నాడు.

"నా భార్య కోసం ఏమైనా చేస్తాను మేడం," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"ఆ రోజు ఆవిడ ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరారు?"

"మధ్యాహ్నం భోజనం చేసి. నాతోనే తిన్నది."

"బస్సులో వెళ్ళారా?"

"ఆ, బస్సులోనే. నేను ఇంట్లోనే ఉన్నాను, పేపర్లు దిద్దుకుంటూ."

"మరి సిరంజి ఇంట్లో మర్చిపోయారేం?"

"ఏ సిరంజి?" అన్నాడు ప్రొఫెసర్.

ఆ రెండు మాటలే డిటెక్టివ్‌కి కావలసినవి. పైకి మాత్రం, "అబ్బే, ఎవరో అన్నారులెండి," అంటూ సంచి తెరిచి అతని ముందు పెట్టింది. సీసా, సిరంజి, ఫిల్టరు, చుక్కల డబ్బా, నాలుగూ రాతి మీద పక్కపక్కనే. ఎదురుగా పెట్టి మరీ అడుగుతోంది. అంతకంటే న్యాయం ఎవరు చేస్తారు?

ప్రొఫెసర్ బక్కెట్‌కి తాడు కట్టి దింపాడు. పాలనీళ్ళు పైకొచ్చాయి. సీసా ముంచి నింపాడు. చుక్కల డబ్బా తీశాడు. సిరంజి వైపు కన్నెత్తి చూడలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు. మూత బిగించి సీసా ఊపాడు.

"అంతే మేడం."

"అంతేనా?"

"అంతే. పొడేమైనా ఉంటే ల్యాబ్‌కి వెళ్ళాక వడకడతాం." డిటెక్టివ్ ముఖంలో ఏం కనపడిందో ఏమో, అతని చెయ్యి సీసా మీద బిగుసుకుంది. "ఏమైంది?"

అప్పుడే జీపు ఆగిన చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ ఒక్కడే దిగాడు. వచ్చేటప్పుడు డ్రైవర్‌ని కూడా తెచ్చుకోలేదు. ఆ సంగతి డిటెక్టివ్ చూసింది కానీ పట్టించుకోలేదు. సంతోషం పట్టలేని మనిషికి కళ్ళు సగమే పనిచేస్తాయి.

"సరిగ్గా వచ్చావురా! ఆ సీసా లాక్కో ముందు," అని అరిచింది. మరిది ప్రొఫెసర్ చేతిలోంచి సీసా తీసుకున్నాడు. ఆవిడ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. వడపోత ముందు, యాసిడ్ తర్వాత. ఇతనికి వరస తెలీదు, ఇప్పుడే నా కళ్ళముందు తలకిందులు చేశాడు. ఆ రోజు నీ కళ్ళముందు కూడా అలాగే చేశాడు. ఆ తప్పుడు సంఖ్యే ఊపిరితిత్తుల సీసాలోనూ ఉంది. ఆస్పత్రి నీళ్ళు పారబోసి స్పేర్ సీసా పెట్టాడు. ఎందుకంటే ఆస్పత్రి నీళ్ళలో కుళాయి సంఖ్య వచ్చేది. ఆవిడ ఇంట్లో, కుళాయి నీళ్ళలోనే పోయింది. రాత్రి శవాన్ని తెచ్చి గుంటలో వేసి, బ్యాగు షెడ్డులో పడేశాడు. ఆ పనివాడు తాడు పట్టుకోవడం తప్ప ఏ పాపమూ ఎరగడు.

"అబద్ధం," అన్నాడు ప్రొఫెసర్. ఇన్‌స్పెక్టర్ ఊరికే అతనివైపు చూశాడు. చేతులు విరిచిన మనిషి చూపు అది. ప్రొఫెసర్ దాని ముందు ఎంతోసేపు నిలవలేకపోయాడు.

"ఇరవై ఏళ్ళు పేపర్ల మీద నా పేరే ముందుండేది," అన్నాడు చివరికి, అదే మెత్తటి గొంతుతో. "ఈసారి తన పేరు ముందుంటుందంది. నా సిద్ధాంతం తప్పని ఈ గుంట నీళ్ళతోనే రుజువు చేస్తానంది. నీళ్ళు మోసే మనిషి! స్నానాల టబ్బు నింపుతూ వంగి చెప్పింది ఆ మాట. తల మీద చెయ్యి పెట్టాను, అంతే. పెద్దగా పెనుగులాడలేదు."

"విన్నావా? విన్నావా?" డిటెక్టివ్ మరిది భుజం పట్టి ఊపేసింది. "పద, పద. ముందు అతన్ని ఆస్పత్రిలో వేద్దాం. పక్కటెముకలు కూడా విరిగినట్టున్నాయి."

ఇన్‌స్పెక్టర్ కదల్లేదు. సీసాని వెలుతురుకి ఎత్తి, అడుగున దిగుతున్న తెల్లటి పొడిని చూస్తున్నాడు.

"ఇదంతా ఇంకెవరికి తెలుసు వదినా?"

"మిషన్ దగ్గరావిడకి. కానీ ఆ మహాతల్లి నోరు విప్పదు. పేరు పోతుందట."

"ఆ పనివాడి పెళ్ళానికి?"

"దానికేం తెలుసు పాపం! చొక్కా పట్టుకుని నీ స్టేషన్‌కే వెళ్ళింది."

"చూశాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "గేటు దగ్గర కూర్చోబెట్టి వచ్చాను. ఇంకా చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?"

అతని ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. "మధ్యాహ్నం పోయాడు వదినా. సంతకం పెట్టమంటే కుడిచెయ్యి లేవట్లేదన్నాడు. ఎడమచేత్తో పెట్టమంటే రాదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఒక్కటే తన్ను. నోట్లోంచి రక్తం వచ్చింది, అయిపోయింది."

డిటెక్టివ్‌కి ఉతికి మడతపెట్టిన ఆ చొక్కా కళ్ళముందు మెదిలింది. "దరిద్రుడా," అంది. "దరిద్రుడా, ఏం పాపం చేశాడురా వాడు?"

"అదే కదా వచ్చిన చిక్కు." ఇన్‌స్పెక్టర్ మూత తిప్పుతున్నాడు. "హంతకుడు లాకప్‌లో పోతే ఓ ఎంక్వైరీ, ఓ బదిలీ. ఏ పాపం చెయ్యనివాడు పోతే నాకు ఉరి. పొద్దున నువ్వు చెప్పి ఉంటే నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకునేవాణ్ణి వదినా. నాలుగింటికి చెప్పావు."

సీసా వంచాడు. పాలనీళ్ళు రాతి మీద పారి, తాడు గాడిలోకి జారి, అంచు దాటి గుంటలో కలిసిపోయాయి.

డిటెక్టివ్ వెనక్కి ఒక అడుగు వేసింది. వెనక ప్రొఫెసర్ ఉన్నాడు. పక్కన నూరడుగుల లోతు ఉంది. ఇందాక ఆమడ దూరంలో ఆగిన మనిషి, సంతోషంలో ఎప్పుడు ఇంత అంచుకొచ్చిందో ఆవిడకే తెలీదు.

"సార్," ఇన్‌స్పెక్టర్ ప్రొఫెసర్‌ని మర్యాదగానే పిలిచాడు. "ఈ గుంటలో మునిగినవాళ్ళ ఊపిరితిత్తుల్లో ఏ సంఖ్య వస్తుంది?"

ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు. క్లాసులో ప్రశ్న అడిగినంత శ్రద్ధగా ఆలోచించాడు. "పాయింట్ ఏడు ఒకటి ఎనిమిది. రక్తం కలుస్తుంది కాబట్టి కొంచెం తక్కువ. ఈసారి సీసా మార్చక్కర్లేదు." తర్వాత అడిగాడు. "ఈవిడకి ఈత వచ్చా?"

"రాదు."

"ఒరేయ్," అంది డిటెక్టివ్. "ఒరేయ్ నాన్నా..."

మరిది దగ్గరికొచ్చాడు. పొద్దున పెట్టినట్టే ఆవిడ నెత్తి మీద అరచెయ్యి పెట్టాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, నిజం నీళ్ళే. గోలీలు దొంగిలించినప్పటి ముఖం.

"నీ మీద ఒట్టేసి తప్పాను వదినా," అన్నాడు.